నేను కుట్టిన బెల్టు

చేవెళ్ల, మొయినాబాదుల నుంచి హైటెక్ సిటీకి తిరిగిన కంపెనీ బండ్లలో పదకొండు బండ్లకు సీటు బెల్టులు నేనే కుట్టాను. కుట్టాను అంటున్నాను, బిగించాను అనడం లేదు. ఆ రెంటికీ తేడా ఏమిటో అప్పుడే నాకు తెలుసు. తెలిసే కుట్టాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందులో నేను తిట్టబోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వరుసలోంచి నన్ను నేను తప్పించుకున్నానని ఎవరూ అనుకోకూడదు.

మా దుకాణం మొయినాబాదులో పెద్ద రోడ్డు మీదే ఉండేది. ఒక షట్టరు, లోపల లావు గుడ్డ కుట్టే పెద్ద మిషను, గోడకు ఆనించిన రెగ్జిన్ చుట్టలు, బయట రేకుల పందిరి. మా పుట్టిల్లు చేవెళ్ల. అక్కడ జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. పెళ్లయి వచ్చాక మా ఆయన నన్ను రెగ్జిన్ మీదికి మార్చాడు. ఆటో టాపులు, ట్రాక్టరు సీట్లు, స్కూటరు సీట్లు. కొలతలు తీయడం, బిగించడం ఆయన పని. కోత, కుట్టు నావి.

నేను కూర్చునేది చెక్క స్టూలు. దానికి వీపు ఆనించే చోటు లేదు. రెగ్జిన్ బరువుగా ఉంటుంది, ముందుకు వంగి రెండు చేతులతో తోస్తే తప్ప సూది కిందికి పోదు. ముప్పై ఏళ్లు నిండకముందే సాయంత్రం లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. స్పాంజి అతికించే జిగురు వాసనకు తల తిరిగేది. ఒకసారి సూది నా బొటనవేలి గోట్లోంచి దిగి అవతలికి వచ్చింది. మా ఆయన పటకారుతో లాగి, పసుపు అద్ది, "జర చూసి కుట్టరాదే" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పని అంటే అట్లాగే ఉంటుందని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

అప్పటికి మా వైపు పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఎకరం అమ్మినవాడు బండి కొన్నాడు, బండి కొన్నవాడు దాన్ని కంప్యూటరు కంపెనీకి అద్దెకు పెట్టాడు. పొద్దున లేస్తే మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు రోడ్డు పొడుగునా నిలబడి ఉండేవాళ్లు. ఆ బండ్లలో చాలావాటిని తిప్పేది శంకర్‌పల్లి వైపు కాంట్రాక్టరు ఒకాయన. అంతకుముందు కూరగాయల లారీలు తిప్పేవాడట. మనుషులను కూడా ఆ లెక్కనే ఎక్కించేవాడు. షోరూము నుంచి తెచ్చుకున్న కొత్త బండిని నేరుగా మా దుకాణానికి పంపేవాడు. మధ్య సీటు పీకేసి, ముగ్గురు కూర్చునే చోట నలుగురు పట్టే బెంచీ వేయాలి. వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. ఆ బెంచీల ఇనుప చట్రం కోసం నేలకు బిగించిన అసలు బెల్టులు విప్పేసేవాళ్లం. వాటి బోల్టులు బెంచీ కింద కప్పబడిపోయేవి. విప్పిన బెల్టులు ఊరంతా పంచుకుపోయారు. ఒకరు నులకమంచానికి అల్లుకున్నారు, ఒకరు బర్రెను కట్టేశారు. మా ఆయన గ్యాసు బండను స్కూటరుకు బిగించి కట్టుకునేవాడు. "గట్టి పట్టీ, ఎంత లాగినా తెగది" అని మెచ్చుకునేవాడు కూడా.

ఒకరోజు అదే కాంట్రాక్టరు ద్వారా నలభై కుర్చీలు వచ్చాయి. కంపెనీలో కంప్యూటరు ముందు వేసే కుర్చీలు, గుడ్డ చిరిగితే మార్చడానికి. అట్లాంటి కుర్చీ నేను అంతకుముందు చూడలేదు. ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది, చేతులు ఆనించే చోటు పక్కకు జరుగుతుంది, నడుము దగ్గర సరిగ్గా గుంతలోకి వచ్చే ఉబ్బు ఒకటి. ప్రతి కుర్చీ కింద ఎట్లా కూర్చోవాలో బొమ్మలు వేసిన కాగితం అతికించి ఉంది. మా ఆయన ఒకదాంట్లో కూర్చుని గిర్రున తిరిగి, "వీళ్ల నడుములకు ఎంత ఫికర్ చూడే" అన్నాడు. నేను కూడా కూర్చున్నాను. నడుము కింద ఎవరో చెయ్యి పెట్టి నిలబెట్టినట్టు అనిపించింది. వెంటనే లేచేశాను. ఇంకాసేపు కూర్చుంటే మళ్లీ నా స్టూలు మీద కూర్చోలేనని భయం వేసింది.

కుర్చీలు చూడటానికి కంపెనీ అధికారి స్వయంగా వచ్చాడు. ఆఫీసులో కుర్చీలు, దీపాలు, బండ్లు, మనుషుల భద్రత, అన్నీ ఆయన కిందే. చాలా మర్యాదస్తుడు. జేబులోంచి టేపు తీసి ప్రతి కుర్చీ నడుము ఉబ్బు ఎత్తు కొలిచాడు. రెండు కుర్చీలకు అర అంగుళం కిందికి వచ్చిందని పక్కన పెట్టేశాడు.

"అమ్మా, ఇది చిన్న విషయం అనుకోకండి. రోజుకు తొమ్మిది గంటలు కూర్చుంటారు. వెన్నెముక దెబ్బతింటే జీవితాంతం బాధే" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన నా ముందే నిలబడి ఉన్నాడు. నేను స్టూలు మీద వంగి ఉన్నాను. ఆయన నన్ను చూడలేదని కాదు, చూశాడు. అంతే.

కొన్నాళ్లకు కంపెనీ కొత్త నియమం పెట్టింది. ప్రతి బండిలో ప్రతి సీటుకూ బెల్టు ఉండాలి, లేకపోతే బండి తీసుకోం అని. కాంట్రాక్టరు ఒక గోనెసంచి తెచ్చి మా పందిట్లో కుమ్మరించాడు. పాత ఇనుప సామాను దుకాణాల నుంచి ఏరుకొచ్చిన బెల్టు ముక్కలు, లాకులు. కొన్నిటికి గ్రీజు, కొన్నిటికి తుప్పు.

"చెల్లె, గివి జర కడిగి బెంచీలకు కుట్టియ్యి. ఈ దిక్కు పట్టీ, ఆ దిక్కు లాకు. ఎల్లుండి చెకింగ్ ఉన్నది" అన్నాడు.

"కవరుకు కుడితే ఎట్ల ఆగుతది అన్నా? నేలకు బోల్టు వెయ్యాలె గద" అన్నాను.

"బోల్టు వెయ్యాలంటే బెంచీ పీకాలె. బెంచీ పీకితే ముగ్గురే పడతరు. అయ్యేదేనా?"

"మరి బండి దేనికన్న తాకితే?"

ఆయన నవ్వాడు. "పట్టుకోవాల్నని ఎవరన్నరు చెల్లె? కనబడాలె. అంతే."

ఆయన వెళ్లాక మా ఆయన వైపు చూశాను. ఆయన గోనెసంచి మడత పెడుతూ, "మనం కుట్టకపోతే చేవెళ్లల ఇంకొకడు కుడతడు. ఆయన బండ్లు పోతే మనకు పనేడున్నది?" అన్నాడు. నేను మిషను ముందు కూర్చున్నాను. ముదురు గోధుమ రంగు నైలాన్ దారంతో రెండు వరుసల కుట్టు వేశాను. రెండు వరుసలు ఎందుకు వేశానో ఇప్పటికీ ఆలోచిస్తాను. గట్టిగా ఉండాలని కాదు. చూడటానికి అందంగా ఉంటుందని. మొదటి బెల్టు అయ్యాక మా ఆయన ఊరికే ఒకసారి లాగి చూశాడు. కుట్టు పర్రుమంది. ఆయన దాన్ని మళ్లీ నా ముందు పెట్టాడు. నేను అట్లాగే మళ్లీ కుట్టాను.

చెకింగుకు వచ్చినవాడు బండి తలుపు తీసి, లాకు పెట్టి, టిక్కుమన్న చప్పుడు విని, ఫొటో తీసుకుని పోయాడట. పదకొండు బండ్లూ పాసయ్యాయి.

చిల్కూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి మా దుకాణం ముందే కంపెనీ బండి ఎక్కేది. వాళ్ల బాపు కూరగాయలు పండించేవాడు. ఆమె ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఎక్కడో విదేశంలో దవాఖానల కాగితాలు కంప్యూటరులోకి ఎక్కించే ఉద్యోగం. ఆటో దిగి, బండి వచ్చేదాకా మా పందిట్లో కూర్చునేది. వంకాయలో, పాలకూర కట్టో తెచ్చి మిషను మీద పెట్టేది. తడి జుట్టు ఆరబెట్టుకుంటూ కంపెనీ ముచ్చట్లు చెప్పేది.

నా నడుము నొప్పి గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆమే. కంపెనీలో ఎట్లా కూర్చోవాలో శిక్షణ ఇచ్చారట. అది నేర్చుకున్న మర్నాడే నన్ను లేపి, నా స్టూలు కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు చేసింది.

"అక్కా, మోకాళ్లు గిట్ల ఉండాలె. మెడ వంచొద్దు. గంటకోసారి లేచి నాలుగడుగులు నడువు" అంది.

"గంటకోసారి లేస్తే సీట్లెవరు కుడతరే?"

"నువ్వే కుడతవ్. కానీ పదేండ్లు ఎక్కువ కుడతవ్."

వీపు వెనక ఆనించుకోమని మా స్పాంజి ముక్కలతోనే ఒక దిండు కుట్టించింది నాచేత. నా కోసం నేను కుట్టుకున్న మొదటి వస్తువు అదేనేమో.

ఆ శిక్షణలోనే బండి ఎక్కగానే బెల్టు పెట్టుకోవాలని కూడా చెప్పారు. మిగతా పిల్లలు పట్టించుకునేవాళ్లు కాదు. ఈమె మాత్రం ఎక్కగానే పట్టీ లాక్కుని లాకు పెట్టుకునేది. కిటికీలోంచి నాకు కనిపించేది. ప్రతి పొద్దున కనిపించేది. టిక్కుమనే చప్పుడు కూడా వినిపించేది. ఆమె నాకు చెయ్యి ఊపేది, నేనూ ఊపేదాన్ని. బిడ్డా, అది ఆగదే అని ఒక్క మాట, ఒక్కసారి అని ఉంటే చాలు. నాలుగు నెలలు నేను ఆ మాట అనలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. చెబితే కాంట్రాక్టరుకు తెలుస్తుందనుకున్నాను. ఏమవుతుందిలే, రోజూ పోయే బండ్లే కదా అనుకున్నాను. మనిషి తనకు తాను ఎన్ని చెప్పుకోగలదో అన్నీ చెప్పుకున్నాను.

ప్రమాదం కూడా పెద్దదేమీ కాదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అదే. పొద్దున ఎనిమిదిన్నర. ముందు కంకర టిప్పరు ఒకటి పోతోంది. అదేదో గుంత చూసి ఆగింది, వెనకాల ఆ అమ్మాయి ఎక్కిన బండి గుద్దింది. వేగం కూడా లేదు. డ్రైవరుకు ముందు సీటులో అసలు బెల్టు ఉంది, దిగి నిలబడ్డాడు. మిగతా పిల్లలు పైనున్న పిడి పట్టుకునో, ముందు సీటు పట్టుకునో కూర్చున్నారు. వాళ్లకు గీతలు, వాపులు. బెల్టు పెట్టుకున్న పిల్ల ఒక్కతే ఎగిరి ముందు సీటు ఇనుప చట్రానికి ముఖంతో తగిలింది. బెల్టు ఉందన్న ధైర్యంతో ఆమె దేన్నీ పట్టుకోలేదు.

నాకు సాయంత్రానికి తెలిసింది. తెలిసినా ఆమెకు దెబ్బ తగిలిందని మాత్రమే తెలిసింది. మిగతాది బండే వచ్చి చెప్పింది. ఐదో రోజున కాంట్రాక్టరు మనిషి ఒకడు ఆ బండిని తెచ్చి మా పందిరి ముందు ఆపాడు. ముందు భాగం రేకు కొట్టి సరిచేశారు. లోపల నీళ్లతో కడిగారు.

"కవర్లన్నీ మార్చాల్నట. మరకలు పోతలేవు" అన్నాడు వాడు.

నేను తలుపు తీసి లోపలికి వంగాను. మధ్య బెంచీలో ఎడమవైపు రెగ్జిన్ చిరిగి స్పాంజి బయటికి వచ్చింది. బెల్టు పట్టీ కింద పడి ఉంది, దాని లాకు ఇంకా పెట్టే ఉంది. లాకు ఊడలేదు. ఆ చివర రెండు వరుసల గోధుమ రంగు దారం వేలాడుతోంది. నా కుట్టు నాకు తెలియదా? నా కుట్టును నేను వెయ్యి కుట్లలో గుర్తుపడతాను. మా ఆయన వచ్చి చూశాడు. ఆయన కూడా ఆ దారం చూశాడు. పొద్దంతా మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ కవరు ముక్కను, బెల్టునూ కోసి సంచిలో పెట్టుకున్నాను. మర్నాడు బస్సెక్కి నగరంలో దవాఖానకు పోయాను. దవడ విరిగిందని తీగలతో కట్టారు. ఎడమ కన్ను మీద కట్టు. వాళ్ల అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆ పిల్ల నన్ను చూసి, మాట్లాడలేక, పలక మీద రాసినట్టు కాగితం మీద రాసి చూపింది.

"అక్కా, నేను బెల్టు పెట్టుకున్న. టిక్కుమని పడ్డది కూడా."

అందరూ ఆమెనే అంటున్నారట, బెల్టు సరిగ్గా పెట్టుకుని ఉండదు అని. డ్రైవరు అదే అన్నాడు, కంపెనీ నుంచి వచ్చినవాళ్లూ అదే అన్నారు. ఆమె తనను నమ్మమని నన్ను అడుగుతోంది.

నేను సంచిలోంచి బెల్టు తీసి మంచం మీద పెట్టాను. "నువ్వు పెట్టుకున్నవు బిడ్డా. నేనే కుట్టిన ఇది. నేలకు బోల్టు లేదు, ఉత్త దారమే. నాకెరుకే" అన్నాను.

ఆ పిల్ల తెగిన దారాన్ని వేలితో తడిమింది. తర్వాత ముఖం గోడ వైపు తిప్పుకుంది. వాళ్ల అమ్మ లేచి వచ్చి నా చెంప మీద కొట్టింది. ఒకటి కాదు, రెండు. తర్వాత నా జబ్బ పట్టుకుని ఊపుతూ ఏడ్చింది.

"రోజు నీ దుకాణంలనే కూసునేది గదనే! ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాకపాయెనా?"

"రాలే చిన్నమ్మా" అన్నాను.

దవాఖాన నుంచి నేరుగా ఠాణాకు పోయాను. ఎస్సై కాగితాలు చూస్తూ కూర్చున్నాడు. బెల్టు బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను.

"టిప్పరు ఆగింది, కంపెనీ బండి గుద్దింది. డ్రైవరు నిర్లక్ష్యం అని రాసుడు అయిపోయింది. మధ్యల ఈ బెల్టు ముచ్చటేందమ్మా?" అన్నాడు.

"సారూ, ఇది కుట్టింది నేను. కుట్టించింది కాంట్రాక్టరు. పాస్ చేసింది కంపెనీ. ముగ్గురి పేర్లు రాయండ్రి. ముందు నా పేరే రాయండ్రి."

"నీ మీద నువ్వే కేసు పెట్టుకుంటవా? పిల్లలున్నరా నీకు? ఇంటికి పో."

మూడుసార్లు అడిగాను. మూడుసార్లు పొమ్మన్నాడు. బెల్టును వేలితో నా వైపు తోశాడు. తప్పు చేశాను, రాసుకోండి అని కాళ్ల మీద పడ్డా రాసుకునేవాడు లేడు. వాళ్లకు ఒక డ్రైవరు దొరికాడు, చాలు. రోజుకు పధ్నాలుగు గంటలు బండి నడిపే మనిషి అతను. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉంటే ముఖం కడుక్కుని, టీ తాగి మళ్లీ బండెక్కేవాడు. అతన్ని అన్ని గంటలు నడిపించినవాడి పేరు ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

కంపెనీ గేటు దగ్గర నన్ను లోపలికి రానివ్వరని తెలుసు. అయితే అప్పుడు అధికారి పక్కన పెట్టిన ఆ రెండు కుర్చీలు, మళ్లీ కుట్టినా తీసుకుపోయేవాళ్లు రాక, మా దుకాణంలోనే ఉన్నాయి. వాటిని ఆటోలో వేసుకుని పోయాను. కుర్చీలనేసరికి గేటు తెరిచారు. వెనక లిఫ్టులో మూడో అంతస్తుకు పంపారు. ఆ అధికారి అక్కడే ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, జేబులోంచి టేపు తీయబోయాడు.

"కుర్చీ తర్వాత కొలుద్దురు సారూ. ముందు ఇది చూడండ్రి" అని బల్ల మీద బెల్టు పెట్టాను.

ఆయన కంప్యూటరులో ఏదో తెరిచి నాకు చూపించాడు. ఫొటోలు. ప్రతి బండి, ప్రతి సీటు, ప్రతి బెల్టు. పక్కన పచ్చ టిక్కు గుర్తులు. "చూడండమ్మా, మా వైపు నుంచి ప్రాసెస్ అంతా కరెక్టుగా జరిగింది. బెల్టు ఉంది, లాకు పనిచేస్తోంది. ఆ అమ్మాయి ఎట్లా పెట్టుకుందో మనకు తెలియదు కదా" అన్నాడు.

నాకు కళ్లు మూసుకుపోయినంత కోపం వచ్చింది. నా గొంతు అంత గట్టిగా లేస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

"అర్ధంగుళం కిందికొచ్చిందని కుర్చీ వాపస్ పంపినవ్ గద సారూ! టేపు పెట్టి కొలిచినవ్! ఒక్క బెల్టు చేత్తో లాగి చూస్తే నీ చెయ్యి అరుగుతుండెనా? కుర్చీల కూసున్నప్పుడే మనిషా ఆ పిల్ల? బండిల కూసున్నప్పుడు కాదా?"

చుట్టూ కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలు లేచి నిలబడ్డారు. "అమ్మా, ప్లీజ్, మెల్లగా" అంటున్నాడు ఆయన. నేను ఆ కవరు ముక్కను నేల మీద పెట్టి మోకాలితో అదిమిపట్టి, ఇంకా ఊడకుండా మిగిలిన లాకు వైపు పట్టీని చేత్తో లాగాను. కుట్టు పర్రుమని విడిపోయింది. ఆ అమ్మాయితోపాటు పనిచేసే పిల్ల ఒకతె ముందుకు వచ్చింది. శంకర్‌పల్లి నుంచి వస్తుందట.

"అక్కా, మా బండిలున్నది గూడ ఇట్లనే ఉంటదా?"

"నేను కుట్టినవన్నీ ఇట్లనే ఉంటయి" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. మెట్ల వైపు నడిచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక పది మంది. అధికారి "ఎక్కడికి, షిఫ్ట్‌లో ఉన్నారు" అంటూ వెంటపడ్డాడు. అందరం కింద బండ్లు నిలిపే చోటుకు దిగాం. డ్రైవర్లు సీట్లు వెనక్కి వాల్చి పడుకుని ఉన్నారు, లేచి తలుపులు తీశారు. ఆ పిల్లలు ఒక్కొక్క బండి ఎక్కి, ఒక్కొక్క బెల్టు రెండు చేతులతో పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు నేను మరిచిపోలేను. పర్రు. మళ్లీ పర్రు. కొన్ని ఒక్క గుంజుకే వచ్చాయి, కొన్నిటికి కాలు తన్నిపెట్టి లాగాల్సి వచ్చింది. ఒక పిల్ల ఊడిన బెల్టును చేతిలో పట్టుకుని, "రోజూ దీన్ని పెట్టుకుంటున్నాను" అని మళ్లీ మళ్లీ అంటూనే ఉంది. ఊడినవన్నీ తెచ్చి ఆ అధికారి కాళ్ల ముందు పడేశారు. ఆయన, "ఎవరూ ఫొటోలు తీయకండి, ప్లీజ్, ఫోన్లు లోపల పెట్టండి" అన్నాడు. ఆయనకు అప్పుడు తోచిన మాట అది.

ఆ సాయంత్రం కంపెనీ బండ్లు ఎవరూ ఎక్కలేదు. బస్సుల్లో, ఆటోల్లో ఇళ్లకు పోయారు.

దాంతో లోకం మారిందని చెప్పను. మూడు రోజుల తర్వాత కాంట్రాక్టరును తీసేశారు. వారం తిరక్కముందే అవే బండ్లు అతని బావమరిది పేరు మీద మళ్లీ వచ్చాయి. బెంచీలు మాత్రం పీకారు, బెల్టులకు నేలలో బోల్టులు వేశారు. మంచి బుద్ధి పుట్టి కాదు. ప్రతి పొద్దున ఆ పిల్లలు ఎక్కగానే బెల్టును గుంజి చూస్తున్నారు, అందుకు. అధికారి ఇంకో కంపెనీకి, ఇంకా పెద్ద పదవికి పోయాడని విన్నాను. డ్రైవరు లైసెన్సు పోయి, ఊళ్లో పొలం పనులకు పోయాడు. ఆ అమ్మాయి మూడు నెలలు గంజి, పాలు తాగి బతికింది. ఎడమ కంటికి చూపు సగమే ఉంటుందన్నారు. ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకున్నామని కంపెనీ ఉత్తరం పంపింది. త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామని చివర్లో రాశారు. ఆ వాక్యాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా దవడ బిగుస్తుంది.

కాంట్రాక్టరు ఒకరోజు మా దుకాణానికి వచ్చాడు. బండి దిగలేదు, అద్దం దించి మాట్లాడాడు.

"అన్నం పెట్టిన చెయ్యినే నరికినవ్ చెల్లె."

"నీ అన్నం నాకొద్దు. నన్ను చెల్లె అనకు" అన్నాను.

తర్వాత కంపెనీ బండి ఒక్కటీ మా పందిరి కిందికి రాలేదు. మా ఆయన నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపమో సిగ్గో నాకు తెలియదు. ఒకరోజు చెప్పకుండా శంకర్‌పల్లిలో ఒక మెకానిక్కు దగ్గరికి పోయి, బెల్టును బండి చట్రానికి ఎట్లా బిగించాలో, ఎంత లావు బోల్టు వేయాలో నేర్చుకుని వచ్చాడు. "ఇగ కవరు కుడితే, బెల్టు బయటికొచ్చేటట్టు సందు కోసే కుట్టు" అన్నాడు. సందు వద్దన్నవాళ్లను వెనక్కి పంపాం. చాలామందినే పంపాం. మళ్లీ ట్రాక్టరు సీట్లు, స్కూటరు సీట్లే మాకు దిక్కయ్యాయి.

ఆ అమ్మాయి ఏడాది తర్వాత వచ్చింది. ఆటో దిగి, పందిట్లోకి రాకుండా బయటే నిలబడింది. ముఖం ఒకవైపు కొద్దిగా కుంగింది. చేవెళ్లలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటరు నేర్పే పని దొరికిందని చెప్పింది.

"నీ మీద కోపం పోలే అక్కా" అంది.

"పోవద్దు" అన్నాను.

"నువ్వొచ్చి చెప్పకపోతే, నేనే సరిగ్గ పెట్టుకోలేదని నేను గూడ నమ్ముతుంటి. అమ్మ గూడ నమ్ముతుండె. అది చెప్పి పోదామని వచ్చిన."

నీళ్లు ఇస్తే తాగింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ తర్వాత ఎప్పుడైనా బజారులో ఎదురుపడితే పలకరిస్తుంది, ఇంట్లో మంచిచెడ్డలు అడుగుతుంది. మా పందిట్లో మాత్రం మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు. అడిగే హక్కు నాకు లేదు.

మొన్నీమధ్య కొత్త కారు వేసుకుని ఒకతను వచ్చాడు. మంచి ఉద్యోగస్తుడు, మెడలో కార్డు ఉంది. ఇప్పటి కార్లలో బెల్టు పెట్టుకోకపోతే టింగుటింగుమని మోగుతూనే ఉంటుంది కదా. ఆ చప్పుడు ఆగడానికి లాకులో దూర్చే ఉత్త ఇనుప ముక్క ఒకటి అమ్ముతారు.

"ఆంటీ, ఆ క్లిప్పు ఉన్నదా? బెల్టు పెట్టుకోకున్న చప్పుడు బందైతది" అన్నాడు.

నేను మిషను ఆపి లేచాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. మా ఆయన లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పక్క దుకాణం వాళ్లు తొంగిచూశారు. అతను బిత్తరపోయి, "లేదంటే లేదనొచ్చు గద, గంత కోపమెందుకు?" అంటూ వెనక్కి అడుగులు వేశాడు.

"పెట్టుకో! నా ముంగట పెట్టుకున్నంకనే బండి తియ్యి!" అని రోడ్డు దాకా వెంటపడ్డాను. అతను కారెక్కి, నన్ను చూస్తూ చూస్తూ, నాకు భయపడే అనుకుంటాను, బెల్టు లాక్కుని పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ పట్టీని గట్టిగా ఒకసారి గుంజి చూశాను. ఆగింది. అప్పుడు పక్కకు తప్పుకున్నాను.